సెల్లారులో ఒలికిన ఇంజిన్ ఆయిల్: బండల మీది మరక ఎలా పోతుంది, తీసిన ఆయిల్ ఏం చేయాలి?

మియాపూర్_స్విఫ్ట్
నిన్న ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లారులో నా పెట్రోలు స్విఫ్టుకు నేనే ఆయిల్ మార్చాను. ఇదివరకు రెండుసార్లు ఏ ఇబ్బందీ లేకుండా చేసిన పనే. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు విప్పి పాత ఆయిల్ దింపి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు పోసి బండి స్టార్టు చేశాను. పది సెకన్లు గడవకముందే కింద బిందె బోర్లించినట్లు చప్పుడైంది. వెంటనే ఇంజిన్ ఆపి వంగి చూస్తే పోసిన ఆయిల్‌లో సగం దాకా నేల మీదే ఉంది. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉంటే, నేను చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టరు బిగించానని తరువాత తెలిసింది.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తరువాత చేశాను. కంగారులో సబ్బుపొడి చల్లి గొట్టంతో నీళ్లు కొట్టాను. ఆయిల్ పోకపోగా పక్కనున్న మూడు కార్ల కిందికి పాకి, అక్కడి నుంచి వాననీళ్ల గుంట వైపు పారింది. సాయంత్రం మూడో అంతస్తులో ఉండే పెద్దాయన స్కూటరు తీయబోయి జారారు. వాచ్‌మన్ పట్టుకోబట్టి సరిపోయింది గానీ, ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

నేల షాబాదు బండలు, మరక లోపలికి ఇంకింది. దాన్ని ఎలా తీయాలి, ఇంజిన్ కింద అంటిన ఆయిల్ ఏం చేయాలి, డబ్బాలోకి దింపిన పాత ఆయిల్ ఎవరికి ఇవ్వాలి, అనుభవం ఉన్నవారు చెప్పండి. ఇకపై సెల్లారులో ఇటువంటి పనులు చేయకూడదని కమిటీవారు అన్నారు. వారి మాటలో న్యాయం ఉంది కాబట్టి నేను వాదించలేదు.

షెడ్డుపెద్ద_బెజవాడ
ముందుగా ఆ గుంటలో మోటారు ఉంటే వెంటనే ఆపించండి. అది నడిస్తే ఆయిల్ మొత్తం వీధి కాలువలోకి పోతుంది. నీటి మీద తేలిన ఆయిల్‌ను పాత నూలు దుప్పటితోనో బనియన్ వేస్టుతోనో పైపైన అద్ది తీయండి.

ఆటోనగర్‌లో ఇరవై ఐదేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఆయిల్ ఒలికిన చోట మా కుర్రవాళ్లను నీటి చెంబు కూడా ముట్టుకోనివ్వను. ఆయిల్ నీటి కన్నా తేలిక, అందువల్ల నీళ్లు పోస్తే దాని మీదెక్కి నీళ్లు వెళ్లినంత దూరమూ వెళుతుంది. చేయవలసిన పని ఏమిటంటే, చుట్టూ రంపపు పొట్టుతో గట్టు కట్టి, ఆ తరువాత మధ్యలోకి పొట్టు చల్లుకుంటూ రావాలి. మధ్యలో ముందు పోస్తే ఆయిల్ అంచులకు జరుగుతుంది. చల్లిన పొట్టును చెప్పుకాలితో గుండ్రంగా నలపాలి. పొట్టు నల్లబడి ముద్ద కట్టాక ఎత్తి, మళ్లీ పొడి పొట్టు పోసి రాత్రంతా వదిలేయాలి. రెండో విడతలో లాగేదే ఎక్కువ. కంటికి కనబడే ఆయిల్ అంతా పోయిన తరువాతే సబ్బు, వేడినీళ్లు, బ్రష్షు. అదీ గొట్టంతో కాకుండా చిన్న బకెట్టుతో.

ఇంజిన్ సంగతి చెబుతాను. మీరు వెంటనే ఆపారు, చాంబర్‌లో ఇంకా సగం ఆయిల్ ఉంది, కాబట్టి ఇంజిన్‌కు ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. రెండు రింగులూ తీసి, ఇంజిన్ మీద ఫిల్టరు కూర్చునే ముఖం గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసి, కొత్త రింగుకు కొద్దిగా ఆయిల్ రాసి బిగించండి. రింగు తగిలిన తరువాత చేత్తో ముప్పావు చుట్టు చాలు, పానా పెట్టవద్దు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్కు పుల్ల మీది పై గీతకు వచ్చేదాకా ఆయిల్ పోశాక, సైలెన్సరు గొట్టం మొదలుకొని ఇంజిన్ వరకు తడి ఎక్కడున్నా తుడవండి. తుడవకుండా నడిపితే పొగ వస్తుంది, ఎక్కువగా ఉంటే అంటుకుంటుంది కూడా. బెల్టుకు అంటితే అది జారి కీచుమంటుంది, బాగా నానితే మార్చడమే మేలు.

ఊకబస్తా
రంపపు పొట్టు దొరకని చోట వరి ఊక వాడవచ్చు. రైసుమిల్లు దగ్గర బస్తా అడిగితే ఊరకే ఇస్తారు.

షెడ్డుపెద్ద_బెజవాడ
ఊక మేమూ వాడి చూశాం. దాని పైపొర గాజులా నున్నగా ఉండి ఆయిల్‌ను పొట్టు పీల్చినంతగా పీల్చదు. దానికన్నా కాల్చిన ఊక బూడిద నయం. ఏదీ చేతిలో లేకపోతే పొడి ఇసుక, ఇటుక పొడి, మెత్తని మట్టి, చివరికి ముగ్గుపిండి అయినా చల్లండి. ఏది దొరికితే అది ముందు చల్లడమే ముఖ్యం.

బండలపని_తాండూరు
నేను బండలు పరిచే పని చేయిస్తాను. షాబాదు బండ మీద, మా తాండూరు బండ మీద బాత్‌రూములు కడిగే యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి. ఈ రెండూ సున్నపురాయి జాతివి, యాసిడ్ పడగానే బుసబుస పొంగి పైపొర తినేస్తుంది. ఆయిల్ మరక యాసిడ్‌కు లొంగదు, మరక మరకలాగే ఉండి బండ మాత్రం గరుకుగా తెల్లబారుతుంది. ఇలా పాడైన సెల్లార్లు చాలా చూశాను.

ఇంకిన ఆయిల్‌ను పైకి లాగడానికి పట్టు వేయాలి. సుద్దపొడిలో కొద్దిగా టర్పెంటైను కలిపి దోసెపిండి కన్నా గట్టిగా, గోడకు పూసే లప్పంలా చేసుకొని, మరక మీద అర అంగుళం మందాన పరచండి. పైన పాలిథిన్ కాగితం కప్పి అంచులకు టేపు అతికించి ఒక రోజు ఉంచాలి. మరునాడు కాగితం తీసి పట్టును పూర్తిగా ఎండనివ్వాలి. ఎండేటప్పుడే అది లోపలి ఆయిల్‌ను పీలుస్తుంది కాబట్టి తొందరపడి తడిగా ఉండగానే గీకేయకండి. రెండు మూడు సార్లు వేస్తే మరక బాగా తగ్గుతుంది, కొత్త బండలా మాత్రం అవదు. టర్పెంటైను ఆవిరి మండుతుంది గనుక గాలి ఆడేలా చూసుకొని, అక్కడ ఎవరినీ బీడీ, సిగరెట్టు ముట్టించనివ్వకండి. అంత శ్రమ వద్దనుకుంటే చాకలి సోడా వేడినీళ్లలో కలిపి నైలాన్ బ్రష్షుతో రుద్దండి, ఇనుప బ్రష్షు వద్దు.

పాతజెన్_కర్నూలు
ఒలికితే నీళ్లు ముట్టుకోకూడదని షెడ్డుపెద్ద గారు అన్నారు గానీ, నా అనుభవం దానికి సరిగ్గా వ్యతిరేకం. నాలుగేళ్ల క్రితం మా పాత మారుతి జెన్ కారుకు బ్రేకు ఆయిల్ మారుస్తుంటే సీసా ఒరిగి ఎడమ ఫెండరు మీద ఒక చారిక పడింది. పొడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాను. మరునాడు ఉదయం చూస్తే ఆ చారిక పొడవునా పెయింటు పాల మీద మీగడలా ముడుతలు పడి ఉంది, గోటితో తాకితే ఊడి వచ్చింది. అప్పుడే నీళ్లు పోసి ఉంటే పెయింటు నిలిచేదని పెయింటరు చెప్పాడు.

షెడ్డుపెద్ద_బెజవాడ
మీరు చెప్పింది నిజం, నా మాట ఇంజిన్ ఆయిల్, గేరు ఆయిల్, డీజిల్ వరకే. బ్రేకు ఆయిల్ అని మనం పిలుస్తాం గానీ అది నూనె జాతి కాదు. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండే రకాలు రెండూ గ్లైకాల్ అనే రసాయనం జాతివి, నీటిలో పూర్తిగా కలిసిపోతాయి, అందుకే గాలిలోని చెమ్మను కూడా పీలుస్తాయి. అది పెయింటు మీద పడితే రుద్దకుండా ధారాళంగా నీళ్లు పోయాలి. క్లచ్ సిలిండరులో ఉండేదీ చాలా బండ్లలో అదే. బ్రేకు పని మొదలుపెట్టే ముందే మా షెడ్డులో ఫెండరు మీద తడిగుడ్డ పరిచి పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకుంటాం.

డీజిల్_పల్లె
ఇన్నేళ్లుగా బ్రేకు ఆయిల్ కూడా నూనేననుకొని సైకిలు చైనుకు వేస్తున్నాను. ఇవాళే ఆపేస్తాను.

పశువైద్యం_గుంటూరు
మీ చర్చంతా ఇంజిన్ ఆయిల్ చుట్టూ తిరుగుతోంది. ఒలికిన వాటిలో ప్రాణం తీసేది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరచడానికి రేడియేటరులో పోసే ద్రవం, దాని గురించి ఒక మాట చెప్పనివ్వండి.

ఎక్కువ కూలెంట్లలో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. అది తియ్యగా ఉంటుంది గనుక పిల్లులు, కుక్కలు నేల మీది మడుగును నాకుతాయి. పిల్లికి చాలా కొద్దిపాటి మోతాదు చాలు: కిలో బరువుకు సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్ల చిక్కని గ్లైకాల్ ప్రాణాంతకం. అంటే మూడు కిలోల పిల్లికి ఒక చెంచాడు. తాగిన కొద్దిసేపటికి మత్తెక్కినట్లు తూలుతుంది, వాంతులు చేసుకుంటుంది. తరువాత కొంత తేరుకున్నట్లు కనిపిస్తుంది, ఇంటివారు గండం గడిచిందనుకుంటారు. ఆ సమయంలోనే కాలేయం ఆ గ్లైకాల్‌ను విషపదార్థాలుగా మారుస్తుంది, మూత్రపిండాలలో ఆక్సలేటు స్ఫటికాలు పేరుకుంటాయి. ఒకటి రెండు రోజులలో మూత్రం ఆగిపోతుంది. మొదటి కొన్ని గంటలలో వైద్యం అందితేనే ఆశ ఉంటుంది. మా దగ్గరికి ఒక కుటుంబం తమ పిల్లిపిల్లను మూడో రోజున తెచ్చింది. మొన్న రేడియేటరు మార్చాం, కాస్త ఆకుపచ్చ నీళ్లు మిగిలాయి అన్నారు ఆ ఇంటాయన, మాట పూర్తి చేయలేకపోయారు. మేము దాన్ని దక్కించలేకపోయాం.

కాబట్టి కూలెంట్ ఒలికితే మొదట జంతువులను, చిన్నపిల్లలను అటు రానివ్వకుండా ఒకరిని కాపలా పెట్టండి. పొట్టుతోనో ఇసుకతోనో అద్ది, ఆ పొట్టును మూత ఉన్న డబ్బాలో వేయండి. ఆ తరువాత నీళ్లతో తుడిచి ఆ గుడ్డనూ పిండిన నీళ్లనూ డబ్బాలోనే పోయండి. తీసిన కూలెంట్‌ను తెరిచిన బేసినులో ఒక్క రాత్రి కూడా వదలకండి.

మియాపూర్_స్విఫ్ట్
డాక్టరు గారూ, మా సెల్లారులో ఎప్పుడూ నాలుగైదు పిల్లులు తిరుగుతుంటాయి. వచ్చే నెలలో కూలెంట్ కూడా నేనే మార్చాలనుకున్నాను. ఇది చదవకపోయి ఉంటే బేసినులో వదిలేసేవాణ్ణే.

హైవే_డ్రైవర్
కూలెంట్ మాట వచ్చింది కాబట్టి: ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటరు మూత తిప్పకండి. మూత పెట్టి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి ఉంటుంది, అందువల్ల 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగదు. మూత తీయగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై మీదికి చిమ్ముతుంది. నా కుడి ముంజేతి మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే తీయాలి.

డల్లాస్_తెలుగు
ఇక్కడ మా గ్యారేజీలో పిల్లులకు వేసే మట్టి గుళికలు బస్తా ఎప్పుడూ ఉంటుంది. బంకమట్టి గుళికలు కాబట్టి ఆయిల్‌ను బాగా పీలుస్తాయి, బూటుతో నలిపితే ఇంకా బాగా పనిచేస్తాయి. పని చేసే చోట ముందుగానే పెద్ద అట్టపెట్టె విప్పి పరుస్తాను, దాని మీద తట్ట పెడతాను. తీసిన ఆయిల్‌ను విడిభాగాలు అమ్మే పెద్ద దుకాణాలు చాలా చోట్ల ఉచితంగా తీసుకుంటాయి. ఒక్కసారి ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. అక్కడ మన దగ్గర అటువంటి ఏర్పాటు ఉందా?

పానా_పదిహేడు
ఉచితంగా తీసుకునే కౌంటరు నాకెక్కడా కనిపించలేదు. కానీ చట్టం ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి. 2023లో వాటిని సవరించి, ఆయిల్ తయారుచేసేవారు, దిగుమతి చేసేవారు వాడిన ఆయిల్‌ను రీసైకిల్ చేయించే బాధ్యత తీసుకోవాలని 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చారు. సర్వీసు సెంటర్లలో పీపాలు ఉంటాయి, వాటిని అనుమతి ఉన్న రీసైక్లర్లు తీసుకుపోతారు. నేను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, తెలిసిన సర్వీసు సెంటరులో ఆ పీపాలో పోసి వస్తాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. దానిలో కూలెంట్ గానీ, బ్రేకు ఆయిల్ గానీ, పెట్రోలు గానీ కలపవద్దు, కలిస్తే ఆ పీపా మొత్తం రీసైక్లింగుకు పనికిరాకుండా పోవచ్చు.

ఊకబస్తా
ఇంత దూరం ఎందుకండీ? మా ఊళ్లో మడ్డి ఆయిల్‌ను, అదే ఇలా వాడి తీసిన ఆయిల్‌ను, సెంట్రింగు చెక్కలకు పూస్తారు, చెదలు పట్టకుండా పాక గుంజలకు, దూలాలకు రాస్తారు. అడిగినవారికి ఇస్తే పుణ్యం, పారబోయడం ఎలాగూ తప్పుతుంది.

పానా_పదిహేడు
మీ ఉద్దేశం మంచిదే గానీ నేను ఒప్పుకోను. ఇంజిన్‌లో కాలిన ఆయిల్‌లో క్యాన్సరు కలిగించే పదార్థాలు పేరుకుంటాయి. సెంట్రింగు పనివారు దాన్ని చేతి తొడుగులు లేకుండా గుడ్డతో ముంచి రోజంతా పూస్తారు. వానకు ఆ గుంజల నుంచి కారి మట్టిలోకీ బావిలోకీ చేరుతుంది. మనకు పనికిరానిది కూలి చేసేవారి చర్మానికి అంటించి పుణ్యమనుకోలేం కదా.

పశువైద్యం_గుంటూరు
పానా_పదిహేడు గారి మాటకు నేనూ ఓటు వేస్తాను. దూడలు కట్టేసిన గుంజను నాకుతూనే ఉంటాయి. కనీసం పశువుల పాకలకు పూయడం మానండి.

ఊకబస్తా
దూడల సంగతి నాకు తట్టలేదు. మా పాకకూ పూశాం. ఈ వారమే గుంజల కింది భాగానికి కొత్త వెదురు తడికె కట్టిస్తాను.

గ్యాస్‌కిట్_వరంగల్
ఆయిల్ పీల్చిన పొట్టును సంచిలో కట్టి మూల పెడితే దానంతట అదే అంటుకుంటుందని విన్నాను. నిజమేనా?

షెడ్డుపెద్ద_బెజవాడ
అలా తమంతట తాము వేడెక్కి అంటుకునేవి ప్రధానంగా అవిసె నూనెలాగా ఆరి గట్టిపడే నూనెలు. వడ్రంగులు పాలిషు గుడ్డలను కుప్పగా వేయకపోవడానికి కారణం అదే. ఇంజిన్ ఆయిల్‌కు ఆ గుణం చాలా తక్కువ. అయినా నిప్పురవ్వ పడితే ఆ పొట్టు వత్తిలాగా మండుతుంది, అందువల్ల మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి ఆయిల్‌తో పాటే అప్పగించండి. చెత్తబండిలో మాత్రం వేయకండి, అక్కడ కుప్ప తగలబెట్టేవారు ఉంటారు.

పాతజెన్_కర్నూలు
పెట్రోలు ఒలికితే?

షెడ్డుపెద్ద_బెజవాడ
పెట్రోలు పని సెల్లారులో అసలు పెట్టుకోవద్దు. ఇంతసేపూ తుడవడం గురించి చెప్పాను, పెట్రోలు విషయంలో మాత్రం ముందు మనుషులు బయటికి రావాలి. ఎంత చలిలోనైనా దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, సెల్లారులో నేలబారున పాకి గుంటల్లో నిలుస్తుంది. లైటు స్విచ్చి, ఎగ్జాస్టు ఫ్యాను, గుంటలోని మోటారు, ఏదీ వేయకూడదు, ఆపకూడదు కూడా. బ్యాటరీ వైరు పీకినా నిప్పురవ్వ వస్తుంది. షట్టర్లు తెరిచి గాలి ఆడనివ్వాలి.

ఆరుబయట ఫ్యూయల్ ఫిల్టరు మార్చేవారికి ఒక సూచన. ఇంజెక్షన్ బండ్లలో ఇంజిన్ ఆపినా పైపులో ఒత్తిడి ఉంటుంది, క్లిప్పు తీయగానే ముఖం మీదికి చిమ్ముతుంది. ముందుగా పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. ఆ తరువాత గుడ్డ చుట్టి నెమ్మదిగా విప్పండి, అప్పుడు వచ్చేది గుక్కెడే.

పానా_పదిహేడు
మియాపూర్ గారికి, అసలు ఒలకకుండా చూసుకునే సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. చాంబర్ బోల్టు చివరి చుట్లు తిప్పేటప్పుడు దాన్ని వేలితో లోపలికి అదుముతూనే తిప్పండి. మర వీడిందని తెలిసినా అదుము వదలకుండా ఒక్క క్షణం ఆగి, చప్పున పక్కకు లాగేయాలి. అలా అయితే మోచేతి దాకా ఆయిల్ కారదు, బోల్టు తట్టలో పడదు. మొదట ధార అడుగు దూరం వంపుగా దూకుతుంది, చాంబర్ ఖాళీ అవుతున్నకొద్దీ వెనక్కి వచ్చి నిట్టనిలువుగా కారుతుంది. అందుకే తట్టను బోల్టుకు సూటిగా కాకుండా ధార పోయే దిక్కుకు జరిపి పెట్టి, తరువాత వెనక్కి లాగాలి. ఫిల్టరుకు దళసరి పాలిథిన్ సంచి తొడిగి సంచితో సహా తిప్పితే లోపలున్న ఆయిల్ సంచిలోనే పడుతుంది. సంచి విప్పగానే పాత ఫిల్టరుకు రింగు ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఇంజిన్ మీదే ఉన్నట్లు.

మియాపూర్_స్విఫ్ట్
వారం గడిచింది. గుంటలో తేలినది దుప్పట్లతో అద్ది తీశాం, మోటారు ఆ రోజే ఆపించాం కాబట్టి వీధిలోకి పోలేదు. పొట్టు మూడు విడతలు చల్లాను, పట్టు రెండుసార్లు వేశాను. నల్లగా ఉన్న మరక ఇప్పుడు తడి ఆరని బండ రంగులోకి వచ్చింది, కాలు జారడం లేదు. మూడో అంతస్తు పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను. పాత ఆయిల్, పొట్టు డబ్బా రెండూ సర్వీసు సెంటరులో ఇచ్చి వచ్చాను.

ఒక సందేహం మిగిలింది. ఫిల్టరు సరిగా బిగించి అంతా తుడిచాను, అయినా నిన్న బండి కింద రెండు చుక్కలు కనిపించాయి. ఇది పాత ఆయిల్ కారడమా, కొత్త లీకేజీయా?

షెడ్డుపెద్ద_బెజవాడ
కింది షీల్డు మడతల్లో నిలిచిన ఆయిల్ పది రోజుల దాకా చుక్కలుగా రాలుతుంది. తెలుసుకోవడం తేలికే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫిల్టరు చుట్టూ, బోల్టు చుట్టూ శుభ్రంగా తుడిచి, పిల్లలకు పూసే టాల్కం పౌడరు పల్చగా చల్లండి. పావుగంట నడిపి వచ్చి టార్చి వేసి చూడండి. ఎక్కడి నుంచి ఊరుతున్నదో అక్కడ పౌడరు మీద నల్లని గీత పడుతుంది. బండి కింద తెల్ల అట్టముక్క పరిచి, ముందు చక్రం ఎక్కడికి వస్తుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. రోజురోజుకూ చుక్కలు తగ్గితే పాతదే.

మియాపూర్_స్విఫ్ట్
పౌడరు చల్లి చూశాను, తెల్లగానే ఉంది. అట్ట మీద మొన్న రెండు చుక్కలు, నిన్న ఒకటి, ఇవాళ ఏమీ లేదు. తట్ట, పొట్టు బస్తా, మూత డబ్బా సిద్ధంగా ఉంచుకొని, వాచ్‌మన్‌కు చెప్పి చేసేటట్లయితే సెల్లారు చివరి గడిలో ఆయిల్ మార్చుకోవచ్చని కమిటీవారు నిన్న రాత్రి ఒప్పుకున్నారు. కూలెంట్ మాత్రం బయట షెడ్డులోనే మార్పిస్తానని వారికి మాట ఇచ్చాను.